తోక బండి

చలికాలం వచ్చిందంటే జములమ్మకు రెండు బాధలు మొదలయ్యేవి. ఒకటి మడమల పగుళ్ళు, రెండోది మోటారుసైకిళ్ళ ముసలాళ్ళు. పగుళ్ళకు మైనమూ ఆముదమూ కలిపి రాస్తే తగ్గేవి. ముసలాళ్ళకు మందు లేదు.

నిజానికి వాళ్ళు అంత ముసలివాళ్ళేం కాదు. ఎనభై మూడులో ప్రభుత్వం యాభై అయిదు నిండిన నౌకర్లందరినీ ఉన్నట్టుండి ఇంటికి పొమ్మంది. ఒంట్లో సత్తువ ఉంది, చేతిలో పని లేదు, వాకిట్లో బండి ఉంది. ఇంక ఊరుకుంటారా? నాగర్‌కర్నూల్‌లో మలేరియా ఇన్‌స్పెక్టరుగా దిగిపోయిన బాలస్వామి ఒక బుల్లెట్టు. వనపర్తిలో కరెంటు లైన్‌మన్‌గా దిగిపోయిన అబ్రహాం ఒక యెజ్డీ. అదే ఊళ్ళో పశువుల దవాఖాన కంపౌండరు గోవర్ధన్ ఒక రాజ్‌దూత్. గద్వాలలో సొసైటీ సూపర్‌వైజరు కృష్ణయ్య ఇంకో రాజ్‌దూత్. ఈ కృష్ణయ్య జములమ్మకు సొంత అన్న. పెనిమిటి పోయిన దగ్గర్నుంచి ఆమె ఉండేది ఆయన ఇంట్లోనే. పొద్దంతా మగ్గం నేసేది, సందెపూట వదినకు వంటలో సాయం చేసేది.

పుష్యమాసంలో ఈ నలుగురూ దక్షిణానికి యాత్ర కట్టేవాళ్ళు. మిగతా ముగ్గురూ వనపర్తిలో కలిసి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, సాయంత్రానికి గద్వాలలో కృష్ణయ్య ఇంట్లో దిగేవాళ్ళు. మర్నాడు ఐజ మీదుగా అలంపురం. అక్కడికి కర్నూలు నుంచీ రాయచూరు నుంచీ ఇలాంటి రిటైరైన బళ్ళవాళ్ళే వచ్చి కలిసేవాళ్ళు. అందరూ ఒక వరసలో తుంగభద్ర గట్టు వెంట తిరిగి, ఎవరి బండి లీటరుకు ఎంత ఇస్తుందో, ఎవరి మోకాలు ఎట్లా పట్టేసిందో చెప్పుకుని, అదేదో దండయాత్ర చేసి వచ్చినట్టు వెనక్కి వచ్చేవాళ్ళు.

కూరగాయలు తెమ్మంటే నడుము నొప్పి అనేవాళ్ళకు బండి ఎక్కితే నడుమున్న సంగతే యాదికి రాదని జములమ్మ దెప్పేది. వాళ్ళ వేషం చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. తలకు కోతి టోపీ, మెడకు పెళ్ళాం శాలువ, కళ్ళకు నల్లద్దాలు, చలిగాలి తగలకుండా చొక్కా లోపల మడిచి పెట్టుకున్న పేపరు. పేపరు చదవడం చేతగానివాళ్ళే ఇట్లా కప్పుకుంటారని ఆమె వాళ్ళ ముందే అనేది. బాలస్వామి పెద్దగా నవ్వి, చెల్లె మాటకు చలి కూడా పారిపోతుందని మెచ్చుకునేవాడు.

మొదటి ఏడు రెండు బళ్ళు దడదడమంటూ వాకిట్లోకి వచ్చి ఆగాయి. వచ్చినవాళ్ళు జొన్నరొట్టెలు, పుంటికూర కడుపునిండా తిన్నారు. జములమ్మ పెనం కడిగి బోర్లించింది. అప్పుడు వచ్చింది మూడో బండి, మేత మేసి ఇంటికొస్తున్న బర్రెలా నింపాదిగా. దిగిన మనిషి టోపీ తీశాడు. చొక్కాలోంచి పేపరు తీసి, మడత చెడకుండా జేబులో పెట్టుకున్నాడు. గడప అవతలే నిలబడి జర మంచినీళ్ళు అడిగాడు.

"మీ బండికి పెద్ద గేరు లేదా సారూ?" అంది జములమ్మ, చెంబు అందిస్తూ.

"ఉన్నది. నాకే లేదు," అన్నాడు గోవర్ధన్.

ఆమె గబుక్కున లోపలికి తిరిగింది. నవ్వు కనబడితే అలుసైపోతుంది మరి. ఆరిన పొయ్యిని మళ్ళీ వెలిగిస్తూ, తిట్టడానికి గుర్తొచ్చినవన్నీ తిట్టింది. ఆ రోజు నుంచి ఆయనకు తోక బండి అని పేరు పెట్టింది.

తోక బండి మీద ఆమెకు ఇంకో కోపం కూడా ఉంది. బాలస్వామి చెల్లె అని పిలుస్తాడు. అబ్రహాం చెల్లెమ్మా అంటాడు. ఈ మనిషి మాత్రం అక్క అనడు, చెల్లె అనడు, పేరుతో అయినా పిలవడు. ఉప్పు కావాలంటే "ఇగో, జర ఉప్పు." చెంబు ఖాళీ అయితే "ఇగో, నీళ్ళు." ఇంటి తిండి తింటూ ఇంటి ఆడమనిషిని ఒక వరస పెట్టి పిలవడం రానివాడు పశువుల మధ్య బతికి పశువే అయ్యాడని ఆమె తీర్మానించింది.

రెండో ఏడు అన్న ఒక మాట తెచ్చాడు. గోవర్ధన్‌కు భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు, మనోళ్ళే, వాళ్ళ తాత మగ్గం మీద బతికినవాడే, నీకు ఇష్టమైతే అడుగుతానన్నాడు. వదిన అంజమ్మ కూడా తల ఊపింది. అందరికంటే వెనక వచ్చేది చేతగాక కాదని, వరసలో ఆఖరి బండి అన్నిటికంటే నమ్మకమైన మనిషికే ఇస్తారని అన్న గొప్పగా చెప్పాడు.

"ఇచ్చిండ్రో, మిగిలిండో," అంది జములమ్మ. "గాయన ఎన్క కూసుంటే బతుకమ్మకు బయలెల్లి దీపావళికి చేరుత. నాకొద్దు."

తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్న గోవర్ధన్‌కు అది వినబడింది. చెంబు బోర్లించాడు. తర్వాత వచ్చి కూర్చుని, ఇంకో రొట్టె అడిగి తిన్నాడు. తిట్టినా తిండి మానని సిగ్గులేని మనిషి అనుకుంది జములమ్మ. ఏడాది పొడుగునా, రొట్టె తట్టినప్పుడల్లా, అదే అనుకుంది.

మూడో ఏడు చలికాలానికి ఇంట్లో వేరే చిక్కు వచ్చిపడింది. కూతురి కాన్పుకని అంజమ్మ రాయచూరు వెళ్ళింది. మగ్గం మీద వనపర్తి పెళ్ళివారి చీర సగంలో ఉంది. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఒళ్ళు దారమూ అంచు దారమూ ప్రతి వరసలో ఒకదాన్నొకటి పట్టుకుని మెలిపడాలి. అది ఒక్కరి వల్ల అయ్యేది కాదు. మగ్గం నడిపే మనిషి ఒకరు, ఆ చివర కూర్చుని అంచు పట్టుదారం చుట్టిన నాడె అందించే మనిషి ఒకరు కావాలి. ఇన్నేళ్ళూ ఆ చివర అంజమ్మ చేయి ఉండేది. ఇప్పుడు అన్న కూర్చున్నాడు. ఆయన చేతులు మగ్గం మీద, మనసు అలంపురం మీద. జములమ్మ దారం ఇటు రాకముందే ఆయన నాడె అటు తోసేవాడు. పట్టు పుటుక్కుమనేది. ఆమె అతకడం, ఆయన విసుక్కోవడం. రోజంతా నేసినా చీర జానెడు కూడా జరగలేదు.

ఆ సాయంత్రమే బళ్ళు దిగాయి. అందరికంటే వెనక, అలవాటు ప్రకారం, గోవర్ధన్. రొట్టెల దగ్గర బాలస్వామి ఒక కబురు చెప్పాడు. గోవర్ధన్‌కు ఇదే ఆఖరి యాత్రట. తిరిగి వెళ్ళగానే బండి అమ్మేసి కొల్లాపూర్‌లో అక్క ఇంటికి వెళ్ళిపోతాడట. అక్కవాళ్ళ మామిడితోట చూసుకునే మనిషి కావాలట. వనపర్తి ఇల్లు కూడా ఎవరికో కిరాయికిచ్చే మాట నడుస్తోందట.

"మంచిదే. రొట్టెలు మిగుల్తయి," అంది జములమ్మ.

ఆ తర్వాత పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. మిగతావాళ్ళు పప్పు పక్కకు నెట్టారు. గోవర్ధన్ ఒక్కడే నీళ్ళు ఎక్కువ తాగాడు. వచ్చే పుష్యమాసంలో పెనం కడిగేశాక మళ్ళీ పొయ్యి వెలిగించే పని ఉండదు కదా అనుకుంది ఆమె. హాయిగా ఉండాల్సిన ఆలోచన అది. ఎందుకో హాయిగా లేదు. దానికి కూడా ఆయన మీదే కోపం వచ్చింది.

తెల్లవారి బళ్ళు స్టార్టు చేస్తుంటే జములమ్మ మగ్గం ముందు కూర్చుంది. అన్న టోపీ పెట్టుకుంటూ, వచ్చినాక నేద్దాంలే, కోపం చేయకు అని బుజ్జగించబోయాడు. పెళ్ళి ఎవరికోసం ఆగుతుందని ఆమె అడిగింది. ముగ్గురు మగవాళ్ళూ తమ తమ బళ్ళలోకి చూసుకున్నారు, జవాబు పెట్రోలు ట్యాంకులో ఉన్నట్టు.

"మీకు రిటైర్ అయితే తిరుగుడు. మాకు రిటైరే లేదు," అంది ఆమె. "పోండ్రి. తుంగభద్ర మీ కోసమే ఎదురుచూస్తుండొచ్చు."

అప్పుడు గోవర్ధన్ తన బండి ఆపేశాడు. టోపీ తీసి అద్దానికి తగిలించాడు.

"నేను కూసుంట," అన్నాడు.

బాలస్వామి పకపకా నవ్వాడు. కంపౌండరు చీర నేస్తే చీరకు తోక మొలుస్తుందన్నాడు. వరసలో ఆఖరి బండి లేకుండా ఎట్లా పోతామని అబ్రహాం అడిగాడు.

"ఆగిపోయిన బండి కాడ ఆఖరోడు ఆగాలె. మనం పెట్టుకున్న కాయిదానే గద," అన్నాడు గోవర్ధన్. "ఈడ ఆగిపోయింది మగ్గం. మీరు నడువుండ్రి."

అట్లా ఆ ఏడు తోక పని అబ్రహాంకు పడింది. మూడు బళ్ళూ ఐజ దారి పట్టాయి.

వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. ఎదురింటి పెంటమ్మ, కండెలు చుట్టే ముసలామె, తన రాట్నం తెచ్చి గడప దగ్గర వేసుకుని కూర్చుంది. దారానికి కాపలాయో మనుషులకు కాపలాయో ఆమె చెప్పలేదు. ఆ మూడు రాత్రులూ గోవర్ధన్ పడక కూడా ఆమె ఇంటి అరుగు మీదే.

జములమ్మ కొత్త చేతిని కరుణించలేదు. అది పట్టు, ఎద్దు ముక్కుతాడు కాదంది. తను అన్నప్పుడే నాడె వేయాలి, అనకముందు వేయకూడదంది. మగ్గమున్న ఇంటి మనవడివై నాడె ఏ చేత్తో పట్టాలో తెలియకపోవడం ఏం సంబరమంది. ఆయన అన్నిటికీ తల ఊపాడు. మొదటి వరసకు నాడె తలకిందులుగా పట్టాడు. రెండో వరసకూ అంతే. కానీ దారం తెగలేదు.

దారం ఎందుకు తెగలేదో ఆమెకు చాలాసేపటి దాకా అంతుబట్టలేదు. ఆ చేతులు వేగమైనవి కావు, తెలిసినవి కావు. దూడ కాళ్ళు అడ్డం తిరిగితే సర్ది బయటికి తీసిన చేతులు. ఆ పనిలో తొందర పనికిరాదేమో. ఆమె దారం వచ్చేదాకా ఆయన నాడె పట్టుకుని ఊరికే ఉండేవాడు. వచ్చాక మెలి వేసేవాడు. మళ్ళీ ఊరికే ఉండేవాడు. ఒకసారి ఆమె కావాలనే ఆలస్యం చేసింది. కొంగు సర్దుకుంది, గాజులు వెనక్కి తోసుకుంది, వీధిలోకి చూసింది. ఆయన విసుక్కోలేదు. ఎందుకు ఆగావనీ అడగలేదు.

జములమ్మ పెనిమిటి మంచివాడే. కానీ సంతకు వెళ్ళినా, జాతరకు వెళ్ళినా, ఆయన ముందు, ఈమె వెనక. పెళ్ళయిన కొత్తలో ఆయన ముఖం కంటే మడమలే ఎక్కువ తెలుసు ఆమెకు. అన్న సైకిలు రోజుల నుంచీ ముందే. నడు నడు అనేవాళ్ళ వెనక నడిచీ నడిచీ ఆమె నాలుక పదునెక్కింది. ఇప్పుడు తన కోసం ఆగి కూర్చున్న మనిషి మీద ఆ నాలుకను ఎట్లా వాడాలో తెలియక, ఒక పూటంతా మాట్లాడకుండా నేసింది.

మధ్యాహ్నం ఆయన తొట్టి దగ్గరికి వెళ్ళినప్పుడు పెంటమ్మ రాట్నం ఆపి అడిగింది, ఈ మనిషి నిన్ను ఏమని పిలుస్తాడే అని. ఏమనీ పిలవడు, మర్యాద తెలియని మనిషని జములమ్మ చెప్పింది.

"పిచ్చిదానా," అంది పెంటమ్మ. "మూడేండ్ల సంది గీ ఇంట్ల తింటుండు. ఒక్కపారి చెల్లె అంటే ఆయనకు పోయేదేంది? అంటే ఇగ ఆడికే అయిపోతదని అంటలేడు. గంత తెల్వదా నీకు?"

జములమ్మ కండె అందుకోబోయి కింద పడేసింది. చెల్లె అన్నాక ఆ వరస దాటడానికి ఉండదు. ఆ ఒక్క మాట నోట్లోంచి రాకుండా మూడేళ్ళు ఉప్పు దగ్గరా నీళ్ళ దగ్గరా ఇగో ఇగో అని నెట్టుకొచ్చిన మనిషినా తను పశువన్నది? పైగా పోయినేడు వద్దన్నాక కూడా ఆయన చెల్లె అనలేదు. ఇంకో రొట్టె అడిగాడు.

గోవర్ధన్ వచ్చి మళ్ళీ తన చివర కూర్చున్నాడు. ఆమె మగ్గం వంక చూస్తూనే అడిగింది.

"నిన్ను అందరి ఎన్క పెట్టిండ్రా, నువ్వే ఉన్నవా?"

"నేనే ఉన్న. భయం," అన్నాడు ఆయన. "లారీ ఎదురొస్తే నాకు చెమట పడ్తది. ముందుంటే అందరికీ ఎర్కైతది. ఎన్కుంటే ఎవ్వరూ సూడరు. మీ అన్న చెప్పేది నా మర్యాదకు."

"మరి ఎందుకొస్తవు ఏడాదేడాదికి? అలంపురంల ఏమున్నది?"

"ఏమో. నేను చేరేసరికి వాళ్ళు తిని పండుకుంటరు." నాడెను వేళ్ళ మధ్య తిప్పాడు. "నేను దక్షిణం పోతున్ననని అందరనుకుంటరు. నేను గద్వాలకే వస్తున్న."

గడప దగ్గర రాట్నం ఆగిపోయింది. పెంటమ్మ వీధిలో ఏదో చాలా ముఖ్యమైనది చూస్తున్నట్టు మెడ చాచింది.

"దారం వచ్చింది. ఎయ్యి," అంది జములమ్మ. ఆ పూటకు ఆమె నోటి నుంచి వచ్చిన మెత్తని మాట అదే. ఆయన వేశాడు. ఇంకేమీ అడగలేదు, అడగమన్నట్టు ఆమె ముఖమూ లేదు.

నేత ముగిసి చీరను మగ్గం మీంచి కోసే రోజుకు బళ్ళు తిరిగి వచ్చాయి. మూడు వెళ్ళాయి, రెండే వచ్చాయి. అబ్రహాం వెనక ఆయన నడుము పట్టుకుని కృష్ణయ్య కూర్చున్నాడు, ముఖమంతా దుమ్ము. జరిగిందేమిటంటే, ఐజ దాటాక కృష్ణయ్య బండి చైను తెగింది. వెనక రావలసిన అబ్రహాం, ఆఖర్న వస్తే కర్నూలు వాళ్ళు నవ్వుతారని, ఎప్పుడో ముందుకు వెళ్ళిపోయాడు. ఆగిన మనిషిని చూసేవాడు లేడు. ఎండలో బండి తోసుకుంటూ ఐజ దాకా వెనక్కి నడిచిన కృష్ణయ్య మూడు రోజులైనా ఆ కోపం దించలేదు. బండి ఇంకా ఐజ మెకానిక్కు దగ్గరే ఉంది. తుంగభద్ర ఎట్లా ఉందని జములమ్మ అడిగితే, అన్న ఆ ప్రశ్న విననట్టు గోవర్ధన్ పక్కన కూర్చుని, నువ్వు లేకుంటే ఇది యాత్రే కాదన్నాడు.

చీర పెళ్ళివారికి చేర్చాలి. ఎప్పుడూ కృష్ణయ్యే తన బండి మీద ఇచ్చి వచ్చేవాడు. బస్సుకు పంపుదామని ఆయన అంటుండగా జములమ్మ చీరను తెల్లగుడ్డలో మూటగట్టుకుని బయటికి వచ్చింది.

"నేనే ఇచ్చొస్త. కంపౌండర్ సారు ఎట్లన్న వనపర్తికే పోతుండు గద," అంది.

బాలస్వామి నల్లద్దాలు తీసి చూశాడు. అన్న మూట ముడి ఇంకోసారి బిగించి, పైలం అని మాత్రం అన్నాడు. కోట ముందు నుంచి బండి వెళ్తుంటే సాలె వీధి మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయని పెంటమ్మ తర్వాత చెప్పుకుంది. ఆగితే ఆగనీ అనుకుంది జములమ్మ. నేసే చేతులు ఆగడానికి ఏదో ఒకటి కావాలి కదా.

బీచుపల్లి వంతెన ముందు ఎదురుగా లారీ వచ్చింది. గోవర్ధన్ బండిని రోడ్డు దించి పూర్తిగా ఆపేశాడు. లారీ పోయింది. ఆయన కదలలేదు. మెడ వెనక చెమట, అంత చలిలో. అబద్ధం చెప్పలేదు ఈ మనిషి అనుకుంది జములమ్మ. కొంగుతో ఆ చెమట తుడిచింది. ఆయన బండి కంటే స్థిరంగా బిగుసుకుపోయాడు.

"నువ్వు కొల్లాపూర్ పోవు," అంది ఆమె, వెనక నుంచే. "ఇల్లు కిరాయికియ్యకు. నట్టింట్ల గుంట తవ్వు."

"గుంట ఎందుకు?"

"మగ్గానికి. నేను నా మగ్గం ఇడిసి ఉండ. మగ్గం గుంట లేకుండ ఉండదు."

మగ్గం గుంట ఒకసారి ఇంట్లో తవ్వితే ఆ ఇంట్లో మనిషి కుదురుకున్నట్టే. నాడె పట్టడం తెలియకపోయినా ఆ సంగతి ఆయనకు తెలుసు. మెడ వెనక్కి తిప్పాడు.

"ఎంత లోతు, జములమ్మా?" అన్నాడు. మూడేళ్ళలో ఆమె పేరు పలకడం అదే మొదలు.

"నీ ధైర్యం కంటే జర ఎక్కువ. బండి నడుపు, పెండ్లి పిల్లకు పిల్లలు పుడ్తరు గిట్లనే ఉంటే."

ఆ నెలలోనే వనపర్తిలో రిటైరైన కంపౌండరు నట్టిల్లు గడ్డపారతో తవ్వుకుంటున్నాడని వాడ వాడంతా వచ్చి చూసింది. నిధి ఏమైనా ఉందా అని అడిగినవాళ్ళకు లేదని చెప్పాడు, ఎవరూ నమ్మలేదు. బాలస్వామి, అబ్రహాం కోతి టోపీలతోనే వచ్చి సాయం పట్టారు. మలేరియా డిపార్టుమెంటులో గుంటలు పూడ్పించినవాణ్ణని, గుంటల సంగతి తనకు తెలిసినంత ఎవరికీ తెలియదని బాలస్వామి చెప్పాడు. అందుకే కాబోలు గుంట వంకరగా వచ్చింది.

కృష్ణయ్య చెల్లెల్ని వెంటబెట్టుకుని పసుపు కుంకుమలతో వచ్చాడు. అంజమ్మ కూడా పసిబిడ్డ కబుర్లన్నీ మూటగట్టుకుని వచ్చింది. గుడి దగ్గర రెండు దండలు మార్చి, నలుగురికీ భోజనం పెట్టడం తప్ప వేరే హంగేమీ వద్దని జములమ్మ ముందే చెప్పింది. ముసలాళ్ళ పెళ్ళికి మోటారుసైకిళ్ళ ఊరేగింపు కావాలని బాలస్వామి అడిగితే ఆమె చూసిన చూపుకు ఆయన మళ్ళీ గడ్డపార అందుకున్నాడు.

కృష్ణయ్య గుంటలో పసుపునీళ్ళు చల్లాడు. నాలుగు పక్కలా కుంకుమ పెట్టి, చెల్లెలి తల మీద చేయి వేశాడు. జములమ్మ చుట్టూ తిరిగి చూసింది. గట్టు సరిగా లేదంది, ఈ మూల ఎద్దు తవ్వినట్టుందంది, ముగ్గురు మగవాళ్ళు కలిసి ఒక్క గుంట తిన్నగా తవ్వలేకపోయారంది. ముగ్గురూ వరసగా నిలబడి తలలు వంచుకుని విన్నారు.

ఆమె గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి దించింది. పాదాలకు తడిమట్టి చల్లగా తగిలింది. లోతు చూసుకుంది. నడుము సర్దుకుంది. గోవర్ధన్ చేతులకు మట్టితో గోడ దగ్గరే నిలబడి ఉన్నాడు.

జములమ్మ ఆయన వైపు చూడకుండానే, కొంచెం పక్కకు జరిగింది.